గొట్టం కొలత, సముద్రం కొలత

జలాంతర్గామి మోసే బాలిస్టిక్ క్షిపణికి పుట్టుకతోనే ఒక హద్దు ఉంటుంది. నేల మీద క్షిపణిని ఎంత పొడవుగానైనా కట్టవచ్చు, దానికి తగ్గ గొయ్యి తవ్వుకుంటే చాలు. జలాంతర్గామిలో మాత్రం అది ఓడ కడుపులో నిట్టనిలువుగా అమర్చిన ఉక్కు గొట్టంలో పట్టాలి. గొట్టం పొడవు ఓడ ఎత్తుకు లోబడి ఉంటుంది. వెడల్పు ఓడ కట్టిన రోజే ఖాయమైపోతుంది. ఆ ఓడ ముప్పై నలభై ఏళ్లు సముద్రంలో తిరుగుతుంది కనుక, ఆ తర్వాత వచ్చే క్షిపణులు కూడా పాత గొట్టానికి తలవంచాల్సిందే. ఇక గొట్టంలో పట్టిన క్షిపణి ఎంత దూరం పోతుందన్నదాన్ని బట్టి ఆ ఓడ ఎంత సముద్రంలో దాక్కోగలదో తేలుతుంది. 600 కి.మీ. పోయే క్షిపణితో బయల్దేరిన ఓడ శత్రువు తీరానికి దగ్గరగా వెళ్లక తప్పదు. 8,000 కి.మీ. పోయే క్షిపణి ఉన్న ఓడ సొంత రేవు ముందున్న నీళ్లలోనే ఉండిపోవచ్చు. ఏడు దశాబ్దాల్లో వచ్చిన తరాలను పోల్చాలంటే వార్‌హెడ్ల సంఖ్య కంటే, పేలుడు శక్తి కంటే ఈ రెండు కొలతలే ఎక్కువ చెబుతాయి.

ఈ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో జర్మనీలో పుట్టింది. వి-2 రాకెట్లను నీరు చొరబడని భారీ పెట్టెల్లో ఉంచి, జలాంతర్గాములకు కట్టి లాక్కెళ్లి, అమెరికా తీరానికి చేరువలో నిలబెట్టి ప్రయోగించాలన్నది పథకం. అది పూర్తికాకముందే యుద్ధం ముగిసింది. వి-2 పరిజ్ఞానం అటు అమెరికాకు, ఇటు సోవియట్ యూనియన్‌కు చేరింది. ముందడుగు వేసింది సోవియట్ వాళ్లే.

1955 సెప్టెంబరు 16న శ్వేత సముద్రంలో బి-67 అనే డీజిల్ జలాంతర్గామి నీటి పైకి వచ్చి ఆర్-11ఎఫ్‌ఎం క్షిపణిని ప్రయోగించింది. జలాంతర్గామి నుంచి బాలిస్టిక్ క్షిపణి ఎగరడం ప్రపంచంలో అదే మొదటిసారి. తర్వాతి కాలంలో స్పుత్నిక్‌తో జగత్ప్రసిద్ధుడైన సెర్గేయ్ కొరొల్యోవ్ దీని రూపకర్త. ప్రయోగ సమయంలో ఆయన ఆ ఓడలోనే ఉన్నాడు. స్కడ్ పేరుతో లోకానికి తెలిసిన భూతల క్షిపణికి ఇది నౌకాదళ రూపం. అలల మీద ఊగే ఓడ నుంచి రాకెట్ తిన్నగా పైకి లేవగలదా అన్నది అప్పటి ప్రధాన సందేహం. అందుకోసం ముందుగా కపుస్తిన్ యార్ పరీక్షా కేంద్రంలో ఓడ ఊగినట్టే ఊగే వేదికను కట్టి, దాని మీద నుంచి ప్రయోగించి చూశారు. అసలు ఓడలో పద్ధతి ఇలా ఉండేది: జలాంతర్గామి ఉపరితలానికి వస్తుంది, ఓడ నడుమ పైకి లేచి ఉండే బురుజులోని గొట్టం మూత తెరుస్తారు, క్షిపణిని లిఫ్టు మీద గొట్టం అంచు దాకా ఎత్తుతారు, అక్కడే ఇంజిన్ అంటిస్తారు. ఇంధనం కిరోసిన్, దాన్ని మండించేది నైట్రిక్ ఆమ్లం. ఆమ్లం లోహాన్ని తినేస్తుంది, దాని ఆవిరి మనిషి ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇంత కష్టపడి ఎగరేస్తే అది పోయేది 150 కి.మీ. మాత్రమే. అంత దగ్గరికి వెళ్లి, నీటి మీద తేలి, అందరికీ కనిపిస్తూ నిలబడటమంటే జలాంతర్గామికి ఉన్న ఒకే ఒక్క బలాన్ని చేజేతులా వదులుకోవడమే.

కొరొల్యోవ్ అంతరిక్షం వైపు మళ్లిపోయాడు. ఈ పని విక్టర్ మకేయెవ్ అనే యువ ఇంజినీరు చేతికి వచ్చింది. తర్వాత ఉరల్ పర్వత ప్రాంతంలోని మియాస్ పట్టణంలో స్థిరపడిన ఆయన సంస్థే సోవియట్ నౌకాదళ క్షిపణుల్లో అత్యధిక భాగాన్ని తయారు చేసింది. 1960ల మొదట్లో వచ్చిన ఆర్-13 పరిధి సుమారు 600 కి.మీ. దానికీ నీటి పైకి రాక తప్పదు. 1961 అక్టోబరు 20న దీన్ని అసలైన అణు వార్‌హెడ్‌తో జలాంతర్గామి నుంచి ప్రయోగించి నోవయా జెమ్ల్యా దీవుల్లో పేల్చారు. నీటి లోపల ఉండగానే ప్రయోగించే వీలు సోవియట్ నౌకాదళానికి 1963లో ఆర్-21తో వచ్చింది. దాని పరిధి 1,400 కి.మీ. ప్రాంతం. అప్పటికి అమెరికన్లు ఆ మెట్టు దాటి మూడేళ్లయింది.

అమెరికా నౌకాదళం మొదట తప్పుదారిలోనే బయల్దేరింది. 1955లో సైన్యంతో కలిసి జూపిటర్ అనే ద్రవ ఇంధన క్షిపణి మీద పనిచేయాలని ఒప్పందం కుదిరింది. ద్రవ ఆక్సిజన్ నింపిన రాకెట్‌ను మూసి ఉన్న ఓడలో ఉంచుకోవడానికి నావికులు ససేమిరా అన్నారు. దాన్ని ఘన ఇంధనంతో చేద్దామని గీసిన నమూనా 70 టన్నులు దాటింది. అలాంటివి ఒక్కో జలాంతర్గామిలో నాలుగు పట్టడమే గగనం. ఈ చిక్కుముడి 1956 వేసవిలో వీడింది. మసాచుసెట్స్‌లోని నాబ్స్కా పాయింట్ దగ్గర శాస్త్రవేత్తలు జలాంతర్గామి యుద్ధం గురించి చర్చిస్తుండగా ఎడ్వర్డ్ టెల్లర్ ఒక ప్రశ్న వేశాడు. క్షిపణి సిద్ధమయ్యేది 1960ల్లో అయినప్పుడు వార్‌హెడ్ బరువును మాత్రం 1950ల లెక్కతో ఎందుకు చూస్తున్నారని. అప్పటికి వార్‌హెడ్లు బాగా చిన్నవైపోతాయని ఆయన హామీ. అదే కాలంలో అట్లాంటిక్ రీసెర్చ్ అనే సంస్థలో పనిచేసే ఇంజినీర్లు ఘన ఇంధనంలో అల్యూమినియం పొడి కలిపితే దాని శక్తి ఊహించనంత పెరుగుతుందని కనుగొన్నారు. ఈ రెండూ కలిస్తే 70 టన్నుల క్షిపణి 13 టన్నులకు దిగుతుంది. 1956 డిసెంబరులో నౌకాదళం జూపిటర్‌ను వదిలేసి సొంత దారి పట్టింది. ఆ క్షిపణికి ధ్రువ నక్షత్రం పేరు పెట్టారు: పొలారిస్.

పొలారిస్ ఎ-1 పొడవు 8.7 మీటర్లు, వ్యాసం 1.37 మీటర్లు. ఒక్కో ఓడలో 16. ఈ పనికి నౌకాదళాధిపతి ఆర్లీ బర్క్ రియర్ అడ్మిరల్ విలియం రాబోర్న్‌ను ఎంచుకుని, కావలసిన మనుషులను తెచ్చుకునే అధికారం ఇచ్చాడు. వేలాది కంపెనీల పనిని ఒక గాడిలో పెట్టడానికి రాబోర్న్ కార్యాలయం తయారుచేసుకున్న ప్రణాళికా పద్ధతి పేరు పెర్ట్. మన ఇంజినీరింగ్, ఎంబీఏ విద్యార్థులు నేటికీ పాఠంగా చదివేది దాన్నే. కొత్త ఓడ కట్టేంత వ్యవధి లేక గ్రోటన్ షిప్‌యార్డులో సగం కట్టి ఉన్న ఒక దాడి జలాంతర్గామిని నడిమికి కోసి, 40 మీటర్ల క్షిపణి విభాగాన్ని మధ్యలో పెట్టి అతికారు. అదే యూఎస్‌ఎస్ జార్జ్ వాషింగ్టన్. 1960 జులై 20న కేప్ కెనావరల్ తీరానికి దూరంగా నీటి అడుగు నుంచి అది రెండు పొలారిస్‌లను మూడు గంటల తేడాలోపే ప్రయోగించింది. అదే ఏడాది నవంబరు 15న 16 క్షిపణులతో మొదటి గస్తీకి బయల్దేరింది. పని మొదలుపెట్టిన నాలుగేళ్లకే ఓడ, క్షిపణి, వార్‌హెడ్, దారిచూపే యంత్రాలు అన్నీ సిద్ధం కావడం ఆయుధ నిర్మాణ చరిత్రలో చాలా అరుదు.

నీటి అడుగు నుంచి ప్రయోగం ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఓడ సుమారు 30 మీటర్ల లోతులో, నడక వేగంతో, దాదాపు కదలకుండా ఉంటుంది. గొట్టం లోపలి ఒత్తిడిని బయటి నీటి ఒత్తిడితో సమానం చేసి పైమూత తెరుస్తారు. మూత కింద పలచని పొర ఒకటి సముద్రాన్ని ఆపి ఉంచుతుంది. అడుగున ఒక్కసారిగా గ్యాసు వదలగానే క్షిపణి ఆ పొరను చీల్చుకుని పైకి పోతుంది. ఎ-1లో ఈ పని సంపీడిత గాలి చేసింది. తర్వాత మందు మండించి, ఆ వేడికి నీటిని ఆవిరి చేసి తోసే పద్ధతి వచ్చింది. నీళ్లు దాటి గాల్లోకి వచ్చాక మొదటి దశ మోటారు అంటుకుంటుంది. ఓడ లోపల నిప్పు అన్నదే ఉండదు. క్షిపణి వదిలిన క్షణంలో ఖాళీ అయిన గొట్టంలోకి నీళ్లు చొచ్చుకొస్తాయి. ఆ బరువు తేడాకు ఓడ ఊగకుండా నీటి తొట్లను సరిచేసుకుంటూ తర్వాతి గొట్టానికి సిద్ధం కావాలి.

గురి సంగతి ఇంతకంటే కష్టం. నేల మీద గొయ్యి ఎక్కడుందో అంగుళాలతో సహా తెలుసు. నెలల తరబడి నీటిలో తిరిగే ఓడకు తానెక్కడుందో తనకే సరిగ్గా తెలియదు. బయల్దేరిన చోటు తప్పుగా లెక్కిస్తే చేరే చోటు అంతే తప్పుతుంది. అందుకే ఓడలోనూ, క్షిపణిలోనూ గైరోస్కోపుల ఆధారంగా దారి లెక్కగట్టే ఇనర్షియల్ యంత్రాలు పెట్టారు. క్షిపణిలోవి ఎంఐటీలో చార్లెస్ స్టార్క్ డ్రేపర్ నడిపిన ప్రయోగశాల చలవ. గైరోలు రోజులు గడిచేకొద్దీ పక్కకు జారతాయి కనుక వాటిని సరిదిద్దడానికి ట్రాన్సిట్ అనే ఉపగ్రహాల వరుసను 1964 నుంచి వాడారు. చేతిలోని ఫోన్ నేడు దారి చెబుతోందంటే ఆ ఉపగ్రహ మార్గనిర్దేశానికి తొలి మెట్టు పొలారిస్ ఓడల అవసరమే. ఇంత చేసినా ఎ-1 లక్ష్యానికి దాదాపు రెండు కి.మీ. అటూ ఇటూ పడేది. నగరాన్ని బెదిరించడానికి అది చాలు, కాంక్రీటు గోతిలోని క్షిపణిని ధ్వంసం చేయడానికి చాలదు. ఈ తేడా ముందు ముందు చాలా పెద్దదవుతుంది.

ఎ-1 పరిధి 2,200 కి.మీ. మాస్కోను అందుకోవాలంటే ఓడ నార్వే సముద్రం దాకా పోవాలి. అందుకే స్కాట్లాండులోని హోలీ లాక్‌లో, తర్వాత స్పెయిన్‌లోని రోటాలో, పసిఫిక్‌లోని గువామ్‌లో స్థావరాలు పెట్టుకోవలసి వచ్చింది. 1962లో వచ్చిన ఎ-2 పరిధి 2,800 కి.మీ., 1964లో వచ్చిన ఎ-3 పరిధి 4,600 కి.మీ. మూడూ పట్టేది అదే వెడల్పు గొట్టంలోనే. ఎ-3 మొనలో ఒకటికి బదులు మూడు వార్‌హెడ్లు ఉండేవి, కానీ మూడూ ఒకే లక్ష్యం చుట్టూ పడేవి. 1967 నాటికి అమెరికాకు ఇలాంటి ఓడలు 41 అయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సంఖ్య పెరగలేదు, మారిందల్లా గొట్టాల్లోని సరుకే.

1971లో గస్తీకి వెళ్లిన పొసైడన్ అలా మారిన సరుకు. ఇంజినీర్లు పొలారిస్ గొట్టం లోపల క్షిపణిని అదరకుండా పట్టి ఉంచే మందపాటి పొరను తీసేసి, ఆ ఖాళీని కూడా క్షిపణికే ఇచ్చారు. వ్యాసం 1.37 నుంచి 1.88 మీటర్లకు పెరిగింది. మొదటి పది ఓడల్లో ఇది పట్టలేదు. తర్వాతి 31 ఓడల్లో పట్టింది. పెరిగిన బలాన్ని దూరం పెంచడానికి వాడలేదు. ఒక్కో క్షిపణిలో పదేసి చిన్న వార్‌హెడ్లు పెట్టి, ఒక్కోదాన్ని వేరే లక్ష్యం మీదికి విడిగా పంపే ఏర్పాటు చేశారు. ఎంఐఆర్‌వి అనే ఈ పద్ధతి లెక్కల్నే తారుమారు చేసింది. ఒక్క ఓడ 160 చోట్లను కొట్టగలదు. సోవియట్ క్షిపణి నిరోధక వ్యవస్థను దాటడానికే ఇది అవసరమన్నారు. ఆ వ్యవస్థలను 1972 ఒప్పందం కట్టడి చేసింది, కానీ వార్‌హెడ్లు మాత్రం తగ్గలేదు. ఈ కథ మొత్తంలో అన్నిటికంటే చేటు చేసిన మలుపు ఇదే. దాడిని తట్టుకుని జవాబు చెప్పడానికి పుట్టిన ఓడ, పదుల కొద్దీ లక్ష్యాల జాబితా మోసే ఓడగా మారింది.

సోవియట్ నౌకాదళం ఇదే కాలంలో పొలారిస్‌కు సాటి వచ్చింది, అయితే ద్రవ ఇంధనాన్ని వదలకుండానే. 1968లో ప్రవేశించిన ఆర్-27 పరిధి 2,500 కి.మీ. మకేయెవ్ ఇందులో చూపిన నేర్పు చెప్పుకోదగ్గది. ఇంజిన్ కింద వేలాడితే పొడవు పెరుగుతుంది కనుక దాన్ని ఇంధన ట్యాంకు లోపలే ముంచి పెట్టాడు. ఫ్యాక్టరీలోనే ఇంధనం నింపి, సీలు వేసి, ఓడకు పంపేలా చేశాడు. ఓడలో నింపే ప్రమాదకరమైన పని తప్పింది. కానీ ప్రయోగానికి ముందు గొట్టాన్ని సముద్రపు నీటితో నింపి, ఆ నీళ్లలోనే ఇంజిన్ అంటించాలి. ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. పైగా ఇంధనాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ నీళ్లు తగిలితే నైట్రిక్ ఆమ్లం అవుతుంది. పొరపాటున గొట్టంలోకి నీరు చొరబడిందంటే చావే.

కె-219కు పట్టిన గతి అదే. ఆర్-27 తరగతి క్షిపణులున్న ఆ ఓడ 1986 అక్టోబరు 3న బెర్ముడాకు ఈశాన్యంగా గస్తీలో ఉంది. 2,500 కి.మీ. పరిధి ఉన్న ఓడ అమెరికాను గురిపెట్టాలంటే అంత దూరం వెళ్లాల్సిందే. ఆరో నంబరు గొట్టం మూత దగ్గర నీరు కారి లోపలికి దిగింది. క్షిపణి నలిగి, ఇంధనం, ఆక్సిడైజర్ కలిసి పేలుడు జరిగింది. గోధుమ రంగు విషవాయువు గదుల్లోకి పాకింది. ఓడ ఉపరితలానికి రాగలిగింది, కానీ రియాక్టర్ తనంతట తాను ఆగలేదు. ఇరవై ఏళ్ల నావికుడు సెర్గేయ్ ప్రెమినిన్ రియాక్టర్ గదిలోకి దిగి, ఆ వేడిలో నియంత్రణ కడ్డీలను చేత్తో తిప్పి కిందికి దించాడు. పని ముగించి బయటికి రాబోతే ఒత్తిడి తేడా వల్ల తలుపు తెరుచుకోలేదు. రెండు వైపుల నుంచీ ఎంత లాగినా రాలేదు. అతను లోపలే చనిపోయాడు. ఓడ అక్టోబరు 6న క్షిపణులతో సహా అట్లాంటిక్ అడుక్కు చేరింది. మరికొద్ది రోజుల్లో రెయిక్యావిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ అణ్వాయుధాల తగ్గింపు మీద కూర్చోబోతున్నారు. ద్రవ ఇంధనమా ఘన ఇంధనమా అన్న వాదన ఇంజినీర్ల పట్టికల్లో అంకెలుగా కనిపిస్తుంది. దాని అసలు అర్థం ఆ గదిలో ఉంది.

నిజానికి కె-219 మునిగేనాటికి అట్లాంటిక్ దాటి వెళ్లాల్సిన అవసరం సోవియట్ నౌకాదళానికి చాలావరకు తీరిపోయింది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, బ్రిటన్‌ల మధ్య సముద్రపు అడుగున అమెరికా పరిచిన శ్రవణ యంత్రాలు అటు దాటే ఓడలను పసిగట్టేవి. 1974లో చేరిన ఆర్-29 పరిధి 7,800 కి.మీ. బేరెంట్స్ సముద్రంలో, సొంత యుద్ధనౌకల, విమానాల కాపలాలో ఉండి వాషింగ్టన్‌ను గురిపెట్టవచ్చు. ఆ దూరంలో గురి తప్పకుండా క్షిపణి దారిలో నక్షత్రాలను చూసి తన లెక్కను సరిచేసుకునే ఏర్పాటు ఇందులోనే మొదట సేవలోకి వచ్చింది. ఈ విషయంలో అమెరికా వెనకబడింది. 1977 నాటి ఆర్-29ఆర్‌తో సోవియట్ వాళ్లు కూడా విడి లక్ష్యాల వార్‌హెడ్లు తెచ్చారు.

ఘన ఇంధనంలో మాత్రం వాళ్లు ఇబ్బంది పడ్డారు. 1983లో చేరిన ఆర్-39 పది వార్‌హెడ్లతో 8,300 కి.మీ. పోయేది, కానీ బరువు 84 టన్నులు, పొడవు 16 మీటర్లు. అంతటి క్షిపణులు ఇరవై మోయడానికే టైఫూన్ అనే ఓడ పుట్టింది. మునిగినప్పుడు 48,000 టన్నులు, ప్రపంచం చూసిన జలాంతర్గాముల్లో అతి పెద్దది. క్షిపణి కోసం ఓడను పెంచితే ఏమవుతుందో అది చూపించింది. మూడేళ్ల తర్వాత మకేయెవ్ బృందం ద్రవ ఇంధనంతో ఆర్-29ఆర్‌ఎం తెచ్చింది. అదే 8,300 కి.మీ., బరువు 40 టన్నులు, అంటే సగం కంటే తక్కువ. బరువుకు తగ్గ బలం లెక్కలో అలాంటిది మరొకటి లేదన్న పేరు దానికి దక్కింది. 1991 ఆగస్టు 6న నోవోమోస్కోవ్‌స్క్ అనే ఓడ మునిగి ఉండి ఈ తరగతి క్షిపణులు పదహారింటిని ఒకదాని వెంట ఒకటి 3 నిమిషాల 44 సెకన్లలో ప్రయోగించింది. అన్ని గొట్టాలనూ ఇలా ఒకే ఊపులో ఖాళీ చేసిన ఓడ ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

పొలారిస్ తరం నుంచి అమెరికా అసలైన గంతు వేసింది ట్రైడెంట్‌తో. 1979లో వచ్చిన ట్రైడెంట్-1ను పొసైడన్ గొట్టంలోనే పట్టేలా కొలిచి చేశారు. అయినా పరిధి 7,400 కి.మీ.కు పెరిగింది. తొడుగులకు తేలికైన కెవ్లార్ పోగులు వాడారు. వార్‌హెడ్ల నడుమ ఉన్న ఖాళీలో మూడో దశ మోటారును ఇరికించారు. పొడవు లేక మొన మొద్దుగా ఉండిపోయింది. గాలి ఒరిపిడి తగ్గించడానికి ఎగిరాక మొన నుంచి సన్నని కడ్డీ ముందుకు చాచుకునే ఏర్పాటు చేశారు. గొట్టం పెట్టిన హద్దుకు ఇంజినీర్లు చెప్పిన జవాబుల్లో అంత చక్కనిది ఇంకొకటి కనిపించదు. ఆ పరిధితో స్పెయిన్ స్థావరం అవసరం తీరింది. 1979లోనే రోటా నుంచి క్షిపణి ఓడలు వెళ్లిపోయాయి.

ట్రైడెంట్-2కు ఆ ఇరుకు లేదు. దానికోసం ఒహాయో తరగతి ఓడల గొట్టాలను ముందే పెద్దవిగా కట్టి ఉంచారు. పొడవు 13.4 మీటర్లు, వ్యాసం 2.11 మీటర్లు, బరువు 59 టన్నులు. 1989 మార్చి 21న జలాంతర్గామి నుంచి జరిపిన తొలి ప్రయోగంలో నీటి పైకి వచ్చిన కొద్ది సెకన్లకే గిరగిరా తిరిగి పేలిపోయింది. గొట్టం నుంచి క్షిపణి వెనకే ఎగసిన నీటి ధార నాజిల్‌ను దెబ్బతీసింది. ఆ లోపాన్ని సరిదిద్దాక 1990లో సేవలో చేరిన ఈ క్షిపణి ఈ జాతిలో నమ్మకానికి మారుపేరైంది. ఎ-1కు రెండు కి.మీ. దాకా ఉన్న గురి తేడా ట్రైడెంట్-2కు వంద మీటర్ల ప్రాంతానికి వచ్చింది. ముప్పై ఏళ్లలో ఇరవై రెట్ల దాకా మెరుగు. కాంక్రీటు గోతుల్లోని క్షిపణులను కూడా ధ్వంసం చేయగల గురి అది. దాక్కుని జవాబిచ్చే ఆయుధానికీ, ముందుగా కొట్టే ఆయుధానికీ మధ్య ఉన్న గీతను ఈ కచ్చితత్వం చెరిపేసింది. దీన్ని సాంకేతిక విజయంగా మాత్రమే చదవడం అసంపూర్ణం.

సోవియట్ యూనియన్ విడిపోయాక రష్యా నౌకాదళ క్షిపణి బాధ్యత నేల మీది ఘన ఇంధన క్షిపణులు చేసే మాస్కో సంస్థకు వెళ్లింది. అది చేసిన బులావా క్షిపణి బరువు 36.8 టన్నులు. పరీక్షలు పదే పదే విఫలమయ్యాయి. 2009 డిసెంబరు 9న అలా విఫలమైన ఒకటి ఉత్తర నార్వే ఆకాశంలో నీలి కాంతి సుడిగా కనిపించి జనాన్ని అబ్బురపరిచింది. దాన్ని లాంఛనంగా సేవలోకి తీసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా మకేయెవ్ సంస్థ పాత ద్రవ ఇంధన క్షిపణినే మెరుగుపరచి సినేవా పేరుతో నిలబెట్టింది. 2008లో అది 11,547 కి.మీ. ఎగిరింది.

మిగిలిన దేశాల దారులు వేరు. బ్రిటన్ 1962 నసావు ఒప్పందంతో పొలారిస్ కొనుక్కుని 1968లో గస్తీ మొదలుపెట్టింది. తర్వాత ట్రైడెంట్-2కు మారింది. వార్‌హెడ్లు సొంతవి, క్షిపణులు మాత్రం అమెరికాతో ఉమ్మడి నిల్వలోవి. ఫ్రాన్స్ ఎవరి దగ్గరా కొనలేదు. 1971లో ఎం-1 నుంచి 2010లో ఎం-51 దాకా అన్నీ సొంతంగా చేసుకుంది. చైనా 1982లో తొలి నీటి అడుగు ప్రయోగం చేసింది. దాని జేఎల్-1 పరిధి 1,700 కి.మీ. మాత్రమే. అమెరికా ప్రధాన భూభాగాన్ని సొంత తీర జలాల నుంచే అందుకోవాలన్న కోరికతోనే జేఎల్-2, జేఎల్-3 వచ్చాయి.

భారత్ ఈ దారిలో అడుగుపెట్టిన చోటు విశాఖపట్నం. 2008 ఫిబ్రవరి 26న విశాఖ తీరానికి దూరంగా నీటిలో ముంచిన పాంటూన్ అనే వేదిక నుంచి కె-15 క్షిపణిని ప్రయోగించారు. ఓడ ఇంకా పూర్తికాలేదు కనుక దాని గొట్టాన్ని పోలిన ఏర్పాటును పాంటూన్‌లో పెట్టి పరీక్షించారు. క్షిపణిని రూపొందించింది హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్. కె అన్న అక్షరం ఒకప్పుడు అదే సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన అబ్దుల్ కలాం పేరు మీదిదని చెబుతారు. 2009 జులై 26న విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో ఐఎన్‌ఎస్ అరిహంత్ జలప్రవేశం చేసింది. దానికి నాలుగు గొట్టాలు. ఒక్కో గొట్టంలో కె-15లు మూడు పడతాయి, లేదా అంతకంటే పెద్ద క్షిపణి కె-4 ఒకటి. మొదటి గస్తీ పూర్తయిందని 2018 నవంబరు 5న ప్రకటించారు. రెండో ఓడ అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. అదే నవంబరులో దాని నుంచి కె-4ను పరీక్షించారు.

మొదట చెప్పిన కొలతలను ఇక్కడా పెట్టి చూడవచ్చు. కె-15 పరిధి 750 కి.మీ. ప్రాంతం. అంటే 1960ల మొదట్లో సోవియట్ ఆర్-13 ఉన్న చోటు. కరాచీ తీరానికి ఎంత చేరువగా వెళ్లినా అది ఇస్లామాబాదును అందుకోలేదు. 3,500 కి.మీ. పోయే కె-4 పొలారిస్ ఎ-2, ఎ-3ల మధ్యది. విశాఖ నుంచి బీజింగ్ దాదాపు 4,000 కి.మీ. కనుక కె-4తో ఉన్న ఓడ బంగాళాఖాతం ఉత్తర కొసకు చేరితేనే ఆ నగరం పరిధిలోకి వస్తుంది. అక్కడ సముద్రం ఇరుకు, లోతు తక్కువ. దాక్కోవడానికి అనువైనది కాదు. ముందుగా అణ్వస్త్రం ప్రయోగించబోమన్న విధానానికి కట్టుబడిన దేశానికి ఓడ దొరకకుండా ఉండటమే ప్రాణం. అందువల్ల 5,000 కి.మీ. దాటే క్షిపణి కోసం జరుగుతున్న ప్రయత్నాన్ని ఆయుధపోటీ ఒక్కటిగా చూడలేం. ఓడ దాక్కునే నీళ్లను పెంచుకునే ప్రయత్నం కూడా అందులో ఉంది.

క్షిపణి ఎంత దూరం పోయినా, ఓడ ఎంత లోతున దాగినా, ఆజ్ఞ చేరకపోతే రెండూ వృథా. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవు. కిలోమీటర్ల పొడవున్న అతి తక్కువ పౌనఃపున్య తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా చొచ్చుకెళతాయి. వాటిని పంపే కేంద్రం భారత్‌కు ఇంతకాలం తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర ఒక్కటే ఉంది. రెండోదానికి 2024 అక్టోబరు 15న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి, అక్కడి చెట్లు, మూసీ పరీవాహక ప్రాంతం ఏమవుతాయోనని పర్యావరణవాదులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అభ్యంతరం చెప్పారు. సముద్రానికి వందల కి.మీ. దూరంలోని ఆ అడవిలో లేచే యాంటెన్నాల పని బంగాళాఖాతంలో మునిగి ఉన్న ఓడకు కొద్దిపాటి సంకేతాలను నెమ్మదిగా చేరవేయడం. ఆ ఓడ వినగలదు కానీ అదే దారిలో బదులు పంపలేదు. పంపడానికి ప్రయత్నిస్తే ఎక్కడుందో తెలిసిపోతుంది.